మీ ముఖానికి నప్పే పాపిట: ఎక్కడ తీయాలి, ఎలా నిలపాలి

చాలామంది ఆడవాళ్ళ తలమీద పాపిట వాళ్ళు ఎంచుకున్నది కాదు. బడి బస్సు వచ్చేలోగా రెండు జడలు వేయాలన్న తొందరలో అమ్మ దువ్వెన మొనతో ముక్కుకు సూటిగా గీసిన గీత అది. ఆ పిల్ల కాలేజీకి వెళ్ళి ఒంటి జడకు మారుతుంది, ఉద్యోగంలో చేరి జుట్టు వదులుగా వేసుకుంటుంది, పెళ్ళవుతుంది, తల్లవుతుంది. గీత మాత్రం చిన్నప్పుడు ఉన్నచోటే ఉంటుంది.

పెళ్ళికూతుళ్ళకు జడలు వేయడం నా పని. ట్రయల్‌కు వచ్చిన అమ్మాయి పాపిటను రెండు వేళ్ళ మేర పక్కకు జరిపి అద్దం ముందు కూర్చోబెడతాను. ఇంకా మేకప్ లేదు, నగ లేదు. అయినా ఆ అమ్మాయి కాసేపు మాట్లాడకుండా తనను తాను చూసుకుంటుంది. వెంట వచ్చిన వాళ్ళమ్మ "ఏం చేశావమ్మా, ముఖం తేటగా కనిపిస్తోంది" అంటుంది. ఖర్చు లేదు, కత్తెర పెట్టే పని లేదు, నచ్చకపోతే మరుక్షణం పాత చోటికే తెచ్చుకోవచ్చు. ఇంత సులువైన మార్పును చాలామంది ఒక్కసారి కూడా ప్రయత్నించకుండా ఉండిపోతారే అని నాకు బాధగా ఉంటుంది.

గుండ్రటి ముఖానికి పక్క పాపిట, కోల ముఖానికి ఏదైనా సరే అని చెప్పే పట్టికలు మీరు చూసే ఉంటారు. వాటిలో నిజం ఉంది కానీ అది రెండో మెట్టు. మొదటి మెట్టు జుట్టు. వెంట్రుక ఏ దిక్కుకు మొలిచిందో ఆ దిక్కుకే వాలాలని చూస్తుంది. దానికి ఎదురుగా తీసిన గీత ఇంట్లో బయల్దేరేటప్పుడు బాగుంటుంది, ఆఫీసుకు చేరేసరికి చెదిరిపోతుంది. కాబట్టి ముందు జుట్టు, తర్వాత ముఖం, ఆ తర్వాత మీరు వేసుకునే జడ లేదా ముడి. ఈ వరసలోనే వెళదాం.

జుట్టు తనంతట తాను ఎక్కడ విడిపోతుంది?

తలంటుకున్న రోజు ఈ పని చేయండి. నూనె ఉన్న తలతో చేస్తే ఫలితం తప్పుగా వస్తుంది. నూనె రాసిన జుట్టు ఎటు నొక్కితే అటే అతుక్కుని ఉంటుంది కదా. షాంపూ అయినా కుంకుడుకాయ అయినా సరే, జిడ్డు పూర్తిగా పోవాలి. తువ్వాలుతో నీరు అద్ది, పెద్ద పళ్ళ దువ్వెనతో చిక్కు తీసి, జుట్టు మొత్తాన్ని నుదుటి నుంచి నేరుగా వెనక్కి దువ్వండి. పాత పాపిట ఆనవాలు కనబడకూడదు. ఇప్పుడు అరచేతిని నడినెత్తిన పెట్టి జుట్టును మెల్లగా నుదుటి వైపు నెట్టండి. నెట్టగానే ముందు భాగం ఒకచోట చీలి రెండు వైపులకూ పడుతుంది. అదే మీ సహజ పాపిట.

రెండు మూడుసార్లు చేసి చూడండి. ప్రతిసారీ ఒకేచోట చీలితే మీ కొత్త పాపిట ఆ చోటికి ఒక అంగుళం అటూ ఇటూ ఉండటం మంచిది. ఒక్కోసారి ఒక్కోచోట చీలితే మీరు అదృష్టవంతులు, ఎక్కడ తీసినా ఒదుగుతుంది. ఏళ్ళ తరబడి ఒకే గీత తీసినవాళ్ళకు పాత గీత దగ్గరే చీలడం మామూలే. అది పుట్టుకతో వచ్చిందా, అలవాటుతో వచ్చిందా తేల్చుకోవాలంటే వారం రోజులు పాపిట లేకుండా జుట్టంతా వెనక్కి దువ్వి క్లిప్పు పెట్టుకుని, ఆ తర్వాత మళ్ళీ పరీక్షించండి.

తర్వాత సుడి చూడాలి. నడినెత్తికి కాస్త వెనక వెంట్రుకలు గుండ్రంగా తిరిగి మొలిచే చోటు అది. ఇంట్లో ఎవరితోనైనా పై నుంచి ఫోన్‌లో ఫొటో తీయించుకుంటే స్పష్టంగా తెలుస్తుంది. ఎక్కువమందికి సుడి గడియారం ముల్లు తిరిగే దిక్కులోనే తిరుగుతుంది. వాళ్ళకు జుట్టు ఎడమ నుంచి కుడికి సులువుగా వాలుతుంది కాబట్టి ఎడమ పక్క పాపిట పేచీ పెట్టదు. సుడి ఎదురు దిక్కుకు తిరిగితే కుడి పక్కన ప్రయత్నించండి. కొద్దిమందికి రెండు సుడులుంటాయి. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని మన పెద్దవాళ్ళు అంటుంటారు గానీ, జడ వేసేవాళ్ళకు తెలిసేది ఒక్కటే: అక్కడ జుట్టు రెండు దిక్కులకు లేస్తుంది. పాపిటను ఆ సుడుల దాకా పోనివ్వకుండా ముందే ఆపేయాలి.

నుదుటి అంచున కూడా కొందరికి చిన్న సుడి ఉంటుంది. అక్కడి వెంట్రుకలు పైకి లేచి నిలబడతాయి. పాపిటను సరిగ్గా దాని దగ్గరే మొదలుపెట్టండి, ఆ లేచిన వెంట్రుకలు వాటంతట అవే ఒక వైపుకు వాలి గీతకు ఎత్తు ఇస్తాయి. దానికి దూరంగా మొదలుపెడితే ఆ కుచ్చు గీతను దాటి అవతలికి పడుతూనే ఉంటుంది.

టైలర్ టేపుతో ముఖం కొలత

జుట్టు మొత్తం వెనక్కి కట్టుకోండి. బట్టలు కుట్టే టేపు తీసుకుని నాలుగు కొలతలు రాసుకోండి: నుదురు బాగా వెడల్పున్నచోట, చెంప ఎముకల దగ్గర, దవడ మలుపుల మధ్య, చివరగా జుట్టు మొదలయ్యే చోటు నుంచి గడ్డం కింది దాకా. టేపు లేకపోతే అద్దం ముందు ఒక కన్ను మూసుకుని, సబ్బు ముక్కతో అద్దం మీద ముఖం అంచు గీసేయండి. పక్కకు జరిగి ఆ గీతను చూస్తే కొలతల కంటే త్వరగా అర్థమవుతుంది.

పొడవు, వెడల్పుకు ఇంచుమించు ఒకటిన్నర రెట్లు ఉండి దవడ మెత్తగా వంపు తిరిగితే కోల ముఖం. అంతకన్నా బాగా ఎక్కువైతే పొడుగు ముఖం. పొడవూ వెడల్పూ దగ్గర దగ్గరగా ఉండి చెంపలు నిండుగా ఉంటే గుండ్రటి ముఖం, అదే కొలతల్లో దవడ మలుపు కోణంగా కనబడితే చదరపు ముఖం. నుదురు వెడల్పుగా ఉండి గడ్డం దగ్గర సన్నబడితే తమలపాకు లాంటి ముఖం. నుదురూ దవడా రెండూ సన్నగా, చెంప ఎముకలు మాత్రం ఎత్తుగా ఉంటే వజ్రాకారం. మీది ఏదో ఒకదానిలో సరిగ్గా ఇమడకపోతే కంగారు పడకండి. నా దగ్గరకు వచ్చేవాళ్ళలో సగం మంది రెండింటి మధ్యలో ఉంటారు. అలాంటప్పుడు ఆకారం పేరు వదిలేసి "నా ముఖంలో ఏది ఎక్కువగా కనబడుతోంది, ఏది తక్కువగా కనబడుతోంది" అని అడిగితే చాలు.

ఏ ముఖానికి ఏ గీత?

గుండ్రటి ముఖంతో మొదలుపెడతాను, మన దగ్గర ఎక్కువమంది అడిగేది దీని గురించే. నడి పాపిట తీయకూడదని అందరూ చెబుతారు. ఆ మాట జడకు నిజం, వదులు జుట్టుకు కాదు. నూనె రాసి నడి పాపిట తీసి జుట్టంతా బిగుతుగా వెనక్కి లాగి జడ వేస్తే చెంపల పక్కన ఒక్క వెంట్రుక ఉండదు, ముఖం గుండ్రమంతా బయటపడుతుంది. అదే నడి పాపిట తీసి జుట్టు వదిలేస్తే రెండు వైపులా పరదాలు వేసినట్టు చెంపల అంచులు మూసుకుపోతాయి, ముఖం సన్నగా కనబడుతుంది. గీత ఒకటే, ఫలితాలు రెండు. అందుకే గుండ్రటి ముఖం ఉన్నవాళ్ళకు నా సలహా: జడ లేదా ముడి వేసుకునే రోజు పక్క పాపిట తీసి, నెత్తి దగ్గర కొద్దిగా ఎత్తు ఉంచి, చెవి ముందు సన్నటి పాయ ఒకటి వదలండి. జుట్టు వదిలే రోజు నడి పాపిట ధైర్యంగా తీయండి. జుట్టు గడ్డం కిందికి దిగేంత పొడవు మాత్రం ఉండాలి. చెంపల దగ్గరే ఆగిపోయే పొట్టి జుట్టయితే నడి పాపిట ముఖాన్ని ఇంకా వెడల్పు చేస్తుంది.

పొడుగు ముఖానికి ఇది తలకిందులు. ముక్కు మీదుగా నిలువుగా పోయే ఏ గీత అయినా ముఖాన్ని ఇంకా సాగదీస్తుంది. కనుబొమ్మ వంపు దగ్గర పాపిట తీసి, ఎక్కువ జుట్టు ఉన్న వైపును నుదుటి మీదుగా అడ్డంగా పోనివ్వండి. నుదుటిలో కొంత భాగం మూసుకుంటుంది కాబట్టి పొడవు తగ్గినట్టు ఉంటుంది. నెత్తిమీద పఫ్ పెట్టించుకోకండి, ఆ ఎత్తంతా ముఖం పొడవులో కలిసిపోతుంది. ఎత్తు కావాలంటే చెవుల పక్కన కావాలి.

చదరపు ముఖానికి మరీ పక్కకు పోవద్దు. నడుమ నుంచి ఒక అంగుళం జరిపితే చాలు, ముందు జుట్టును కాస్త వంపు తిప్పి వదిలితే దవడ కోణం మెత్తబడుతుంది. గీత కూడా తూచినట్టు నిటారుగా కాకుండా చేత్తో తీసినట్టు ఉంటే బాగుంటుంది. తమలపాకు ముఖానికి పక్క పాపిట వెడల్పు నుదుటిని సగానికి తగ్గిస్తుంది. వజ్రాకార ముఖానికి, సన్నటి నుదురు ఉన్న ఎవరికైనా నడి పాపిట మేలు చేస్తుంది, జుట్టు రెండు వైపులా విడిపోయినప్పుడు నుదుటి మీద త్రికోణంలా తెరుచుకుని వెడల్పు చూపిస్తుంది. కోల ముఖం వాళ్ళు ఈ పేరా దాటేయవచ్చు.

ముఖం ఆకారంతో పాటు ముక్కునూ చూడండి. నడి పాపిట చూపును నేరుగా ముక్కు మీదికి తీసుకెళుతుంది. ముక్కు కొద్దిగా ఒక పక్కకు ఉన్నా, గీత సరిగ్గా నడుమ ఉంటే ఆ తేడా ఎత్తి చూపినట్టు అవుతుంది. అర అంగుళం జరపండి, ఎవరికీ కనిపించదు. మందపాటి ఫ్రేము కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళకూ ఇదే మాట.

ఇక కుడి పక్కనా, ఎడమ పక్కనా? పక్క పాపిటలో జుట్టు తక్కువున్న వైపు ముఖం తెరుచుకుంటుంది, ఎక్కువున్న వైపు కొంత నీడలో పడుతుంది. కాబట్టి మీకు నచ్చిన వైపును తెరవండి. ఎవరి ముఖమూ రెండు వైపులా ఒకేలా ఉండదు. ఒక కనుబొమ్మ కాస్త ఎత్తు, ఒక చెంప కాస్త నిండు. తేల్చుకోవడానికి అద్దాన్ని నమ్మకండి, అద్దంలో కుడి ఎడమలు తారుమారై ఉంటాయి, పైగా ఆ ముఖానికి మీరు ఏళ్ళుగా అలవాటుపడ్డారు. కిటికీకి ఎదురుగా నిలబడి ఇంట్లో వాళ్ళతో ఫోన్ వెనక కెమెరాతో మూడు ఫొటోలు తీయించుకోండి: నడి పాపిట, ఎడమ, కుడి. అప్పటికప్పుడు చూడకుండా మర్నాడు చూడండి. చూడగానే ఏది మీరు అనిపిస్తుందో తెలిసిపోతుంది.

గీత తీయడం

కావలసినవి తోక దువ్వెన, నాలుగు పొడవు క్లిప్పులు, వెనక చూసుకోవడానికి చేతి అద్దం. తోక దువ్వెన అంటే ఒక చివర సన్నటి పుల్లలా ఉండేది, ఫ్యాన్సీ షాపుల్లో దొరుకుతుంది. మొన మరీ వాడిగా ఉన్నది కొనవద్దు, మాడు గీరుకుపోతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలో కనుబొమ్మ చెబుతుంది. దువ్వెన తోకను ముక్కు మీద నిలువుగా ఆనించి పైకి చూస్తే జుట్టు అంచును తాకే చోటు నడి పాపిట. కంటి లోపలి మూలకు సూటిగా పైకి పోతే కొద్దిగా జరిగిన పాపిట, రోజువారీకి ఎక్కువమందికి నప్పేది ఇదే. కనుబొమ్మ వంపు బాగా ఎత్తుగా ఉన్నచోటి నుంచి పైకి పోతే మామూలు పక్క పాపిట. కనుబొమ్మ బయటి కొన దగ్గర నుంచి అయితే బాగా పక్కకు తీసినది. ఇది ఒత్తు జుట్టుకు ఫంక్షన్లలో అందంగా ఉంటుంది, పలచటి జుట్టు వాళ్ళు దీని జోలికి పోకపోవడమే మంచిది.

తడి కొద్దిగా ఉండగా జుట్టంతా వెనక్కి దువ్వండి. తోక మొనను అనుకున్న చోట మాడుకు ఆనించి, ఎత్తకుండా, ఒకే లాగుతో వెనక్కి తీసుకెళ్ళండి. ఎత్తి ఎత్తి గీస్తే మెట్లు మెట్లుగా వస్తుంది. రెండు వైపుల జుట్టును వేళ్ళతో విడదీసి, ఒక వైపును క్లిప్పుతో ఆపి, రెండో వైపు దువ్వి, తర్వాత మొదటి వైపు దువ్వండి.

చాలామంది పక్క పాపిటలో చేసే పొరపాటు ఒకటుంది. నుదుటి నుంచి సరళరేఖలా నేరుగా వెనక్కి గీసేస్తారు. అలా చేస్తే నెత్తి వెనక జుట్టు రెండుగా చీలి మాడు కనబడుతుంది. గీత వెనక్కి పోయేకొద్దీ సుడి వైపు ఏటవాలుగా తిరగాలి, సుడికి ఒక అంగుళం ముందే ఆగాలి. అప్పుడు వెనక జుట్టు చీలకుండా ఒకటిగా పడుతుంది. రెండు జడలకు మాత్రం గీత నెత్తి దాటి మెడ దాకా దిగాల్సిందే. చిన్నపిల్లలకు తీసేటప్పుడు ముందు భాగం నడి పాపిటగా తీసి, వెనక మెడ గుంత దగ్గర వేలు పెట్టి అక్కడికి గురి చూసి దించండి, వంకర పోదు.

మాట వినని జుట్టును మళ్ళించడం

వెంట్రుక తడిసినప్పుడు దానిలోని కెరటిన్ అనే ప్రోటీన్‌ను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు విడిపోతాయి, ఆరేటప్పుడు మళ్ళీ కలుస్తాయి. ఏ వంపులో ఆరితే ఆ వంపులోనే బిగుసుకుంటాయి. మళ్ళీ తడి తగిలే దాకా అలాగే ఉంటాయి. పాపిట రహస్యమంతా ఇందులోనే ఉంది. కొత్త గీతను ఎండిన తలమీద ఎంత దువ్వినా ఉపయోగం లేదు. కుదుళ్ళను తడిపి, గీత తీసి, అదే చోట ఆరనివ్వాలి. రోజూ తలస్నానం చేయక్కర్లేదు, స్ప్రే సీసాతో గీతకు రెండు వైపులా కుదుళ్ళు తడిస్తే చాలు.

ఎత్తు కావాలంటే ఇలా చేయండి. తడి తలమీద గీత తీశాక, గీత పక్కనున్న జుట్టును ముందు అవతలి వైపుకు మళ్ళించి ఆరబెట్టండి, ముప్పాతిక ఆరాక మీరు కోరిన వైపుకు తిప్పండి. కుదురు ఎదురు దిక్కున ఆరింది కాబట్టి లేచి నిలబడుతుంది. డ్రయ్యర్ వాడితే తలకు ఒక జానెడు దూరంలో ఉంచి, ఒకేచోట ఆపకుండా, గాలి కుదుళ్ళ నుంచి కొసల వైపు తగిలేలా పట్టుకోండి. డ్రయ్యర్ లేకపోతే గీతకు రెండు వైపులా క్లిప్పులు పెట్టుకుని ఇంటి పనులు చూసుకోండి. మా అమ్మమ్మ తలంటి పోశాక సాంబ్రాణి ధూపం మీద జుట్టు ఆరబెట్టేటప్పుడు వేళ్ళతో కుదుళ్ళు ఎత్తి ఎత్తి పట్టేది. ఆ ఎత్తు సాయంత్రం దాకా ఉండేది.

పాత గీత మర్చిపోవడానికి జుట్టుకు రెండు మూడు వారాలు పడుతుంది. మొదటి నాలుగు రోజులు మాడు దగ్గర చిన్నగా నొప్పి లాంటిది అనిపించవచ్చు, ఒక వైపుకే వాలిన కుదుళ్ళు దిక్కు మార్చుకోవడం వల్ల అలా ఉంటుంది. రాత్రి పడుకునేటప్పుడు కొత్త గీత ప్రకారమే దువ్వి వదులు జడ వేసుకుంటే త్వరగా అలవాటవుతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి చోట్ల గాలిలోని తేమే కుదుళ్ళను తడిపేస్తుంది కాబట్టి గీత దగ్గర వేలి కొనంత జెల్ లేకుండా మధ్యాహ్నం దాకా నిలవదు. హైదరాబాద్‌లో ఆ బాధ తక్కువ. చలి దేశాల్లో ఉండేవాళ్ళకు హీటర్ గాలికి గీత పక్కన వెంట్రుకలు నిక్కబొడుచుకుంటాయి, అరచేతుల్లో ఒక్క చుక్క కొబ్బరినూనె రుద్ది పైపైన అద్దితే సర్దుకుంటాయి.

ఉంగరాల జుట్టుకు తోక దువ్వెనతో కత్తి గీతలా తీయవద్దు. వేళ్ళతో తడి మీద విడదీయండి, గీత కాస్త వంకరగా ఉంటేనే వంపులు అందంగా పడతాయి. పలచటి జుట్టుకు గీతను పాము నడకలా అటూ ఇటూ తిప్పుతూ తీయండి, మాడు ఒకే వరసలో కనబడదు. తెల్ల వెంట్రుకల కుదుళ్ళను కప్పడానికీ ఇదే ఉపాయం, రంగుకూ రంగుకూ మధ్య వారం పది రోజులు కలిసి వస్తాయి. రంగు వేసుకునేవాళ్ళు గీత దగ్గర మాడుకు అది బాగా అంటుతుందని గుర్తుంచుకుని, 48 గంటల ముందు చెవి వెనక చుక్క పెట్టి పడుతుందో లేదో చూసుకోండి.

మగవాళ్ళ క్రాపు

పైన చెప్పిన సుడి మాట మగవాళ్ళకు రెండింతలు వర్తిస్తుంది, పొట్టి జుట్టు బరువుతో వంగదు కాబట్టి మొలిచిన దిక్కుకే నిలబడుతుంది. కుడిచేతి వాటం వాళ్ళకు ఎడమ పక్క పాపిట దువ్వడం సులువు, ఎక్కువమంది సుడి కూడా దానికే అనుకూలం. కణతల దగ్గర జుట్టు వెనక్కి జరుగుతున్నవాళ్ళు పాపిటను ఆ ఖాళీ పక్కనే మొదలుపెడితే ఖాళీ ఇంకా లోతుగా కనబడుతుంది. గీతను నడుమ వైపు జరపండి, లేదా గీతే లేకుండా ముందుకు దువ్వండి. సెలూన్‌లో రేజరుతో గీత గొరిగించుకునే ముందు ఒకటి ఆలోచించండి. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరే పెరుగుతుంది. నచ్చకపోతే ఆ గాడి పక్క జుట్టుతో కలవడానికి రెండు మూడు నెలలు ఆగాలి.

పెళ్ళి రోజు పాపిట

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం. మన ఆచారంలో పాపిటకు ఉన్న గౌరవం మాటల్లోనే కనబడుతుంది. సీమంతం అనే సంస్కృత పదానికి అర్థం పాపిట అనే. సీమంతోన్నయనంలో భర్త గర్భిణి పాపిటను మేడికాయల గుత్తి, దర్భలు, ముళ్ళపంది ముల్లుతో కింది నుంచి పైకి తీయడం ఉంది. స్త్రీకి సీమంతిని అనే పేరు కూడా అలా వచ్చిందే. కూచిపూడి నర్తకి తలమీద నడి పాపిట, దాని మీద పాపిట బిళ్ళ, కుడి పక్క సూర్యుడు, ఎడమ పక్క చంద్రుడు చూసినప్పుడు ఆ గీత లేకపోతే ఈ నగలన్నీ ఎక్కడ నిలబడతాయి అనిపిస్తుంది.

పాపిట బిళ్ళ పెట్టుకోవాలంటే ముందు గొలుసు పొడవు చూసుకోండి. బిళ్ళ నుదుటి మీద జుట్టు అంచుకు కొంచెం కిందికి దిగేలా పట్టుకుని, కొక్కెం వెనక ఎక్కడికి వస్తుందో గుర్తుపెట్టుకోవాలి. ఆ చోట గీత పక్కన సన్నటి పాయ తీసి చిన్న రబ్బరు బ్యాండు వేసి, కొక్కేన్ని అందులో తగిలించి, రెండు పిన్నులు ఒకదానికొకటి అడ్డంగా పెడితే తలంబ్రాలు పోసుకునేటప్పుడు కూడా జారదు. ఉత్త జుట్టుకు తగిలిస్తే అరగంటలో బిళ్ళ చెవి వైపు తిరిగిపోతుంది.

పక్క పాపిటే నప్పే అమ్మాయికి బిళ్ళ ఎలా? ముందు రెండు అంగుళాల మేర మాత్రమే నడి పాపిట తీసి, గొలుసుతో దాన్ని కప్పేసి, అక్కడి నుంచి వెనక జుట్టును పక్కకు మళ్ళిస్తాను. ముఖానికి ముఖం, ఆచారానికి ఆచారం రెండూ నిలుస్తాయి.

జీలకర్ర బెల్లం పెట్టేది నెత్తిమీదే. అక్కడ స్ప్రే కొట్టి గట్టిపరిచిన పెద్ద పఫ్ ఉంటే ఆ ముద్ద నిలవదు, పఫ్ కూడా అణిగిపోతుంది. ముహూర్తానికి నెత్తి దగ్గర జుట్టు చదునుగా ఉంచి, ఎత్తైన అలంకరణ రిసెప్షన్‌కు పెట్టుకోండి. బాసికం నుదుటి మీద కట్టినప్పుడు పెద్ద బిళ్ళ దాని కింద నలుగుతుంది, కాబట్టి ముహూర్తానికి చిన్న బిళ్ళే మంచిది. పాపిట్లో పెట్టే కుంకుమ విషయంలో కూడా జాగ్రత్త కావాలి. కొన్ని సింధూరం పొడుల్లో సీసం ఉందని అమెరికాలో ఆహారం, మందుల భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరించింది. కళ్ళు చెదిరే నారింజ ఎరుపు పొడి కంటే పసుపుతో చేసిన కుంకుమ నయం. దురద, ఎర్రటి పొక్కులు వస్తే వెంటనే ఆపేయండి.

గీత వెడల్పు అవుతోందా?

పాపిట దగ్గరే ఆడవాళ్ళ జుట్టు పలచబడటం ముందుగా తెలుస్తుంది. మగవాళ్ళలా నుదురు వెనక్కి పోకుండా, గీతకు రెండు వైపులా ఒత్తు తగ్గుతూ వస్తుంది. ఎరిక్ లుడ్విగ్ అనే డాక్టరు 1977లో దీన్ని మూడు దశలుగా విభజించారు, చర్మ వైద్యులు ఇప్పటికీ ఆ దశలను వాడుతుంటారు. ఇంట్లో చూసుకోవడానికి ఒక పద్ధతి ఉంది. నూనె లేని పొడి తలమీద నెత్తి ముందు ఒక గీత, తల వెనక భాగంలో ఒక గీత తీయించుకుని రెండింటి వెడల్పూ పోల్చండి. వెనక గీత సన్నగా ఉండి ముందుది స్పష్టంగా వెడల్పుగా ఉంటే ఆలస్యం చేయకండి.

రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. కాన్పు అయిన రెండు మూడు నెలలకు, టైఫాయిడ్, డెంగీ లాంటి జ్వరాలు తగ్గిన తర్వాత కూడా కుప్పలుగా రాలుతుంది. ఆ టెన్షన్‌తో ఏడ్చినవాళ్ళను చూశాను. అలాంటి జుట్టు చాలావరకు నెలల్లో మళ్ళీ వస్తుంది. గుండ్రటి నాణెంలా ఒక్కచోటే నున్నగా అయితే అది పేనుకొరుకుడు, దానికి వైద్యం వేరు. బిగుతుగా లాగి కట్టే జడలూ ముడులూ ఏళ్ళ తరబడి కొనసాగితే గీత పక్కనా కణతల దగ్గరా కుదుళ్ళు శాశ్వతంగా దెబ్బతినవచ్చు. అందుకే వారానికి ఒకసారైనా గీతను అర అంగుళం అటూ ఇటూ మార్చండి. ఎప్పుడూ ఎండ తగిలే ఆ సన్నటి మాడుకు కూడా కాస్త విశ్రాంతి దొరుకుతుంది. ఎండలో పనిచేసేవాళ్ళు చున్నీ, కొంగు, గొడుగు ఏదో ఒకటి కప్పుకోవాలి, గీత మీద మాడు కూడా కమిలిపోతుంది.

డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు నెలకొకసారి చొప్పున మూడు ఫొటోలు తీసి ఉంచుకోండి. అదే కిటికీ, అదే వేళ, అదే చోట గీత, తల పొడిగా. ఐరన్ నిల్వలకు ఫెరిటిన్ పరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించమని అనవచ్చు, పాత రిపోర్టులు ఉంటే వెంట తీసుకెళ్ళండి. జుట్టు పెరగడానికి వాడే మినాక్సిడిల్ లాంటి మందులు స్నేహితులు చెప్పారని మొదలుపెట్టవద్దు, ముఖ్యంగా గర్భిణులు, పాలిచ్చే తల్లులు. డాక్టరును కలిసే రోజు తలకు నూనె గానీ, గీత పలచదనాన్ని కప్పే నల్లపొడి గానీ రాసుకోకుండా వెళ్ళండి, డాక్టరు చూడాల్సింది ఆ గీతనే.